తొమ్మిదేళ్ల లాబ్రడార్‌కు వెనక కాళ్ల కీళ్ల నొప్పి: పసుపు, నల్లేరు, చేప నూనె, గ్లూకోజమైన్... వీటిలో నిజంగా పని చేసేది ఏది?

బంగారి వాళ్లమ్మ, రాజమండ్రి
ఆగస్టు 2

అందరికీ నమస్తే. మా బంగారి గురించి అడగాలని రెండు వారాలుగా అనుకుంటున్నాను. లాబ్రడార్, ఆడది. ఈ నెలతో తొమ్మిదేళ్లు నిండుతాయి. బరువు 38 కిలోల 400 గ్రాములు.

మే నెల నుంచి పొద్దున లేవడానికి చాలా అవస్థ పడుతోంది. ముందు కాళ్ల మీద లేచి కూర్చుంటుంది. వెనక కాళ్లు మాత్రం టైల్స్ మీద చెరోపక్కకీ జారిపోతాయి, మళ్లీ కూలబడుతుంది. రెండోసారో మూడోసారో లేస్తుంది. లేచాక నాలుగడుగులు బిగుసుకుపోయినట్టు నడుస్తుంది, వీధి చివరికి వెళ్లేసరికి మామూలుగానే ఉంటుంది. మేముండేది మేడ మీద, పద్దెనిమిది మెట్లు. ఇదివరకు నాకంటే ముందు పైకెక్కి తలుపు దగ్గర నిలబడేది. ఇప్పుడు మొదటి మెట్టు దగ్గర ఆగి నా మొహంలోకి చూస్తోంది. ఆ చూపు చూస్తే గుండె తరుక్కుపోతోంది.

డాక్టర్ ఎక్స్‌రే తీయించారు. రెండు తుంటి కీళ్లూ అరిగాయి, చిన్నప్పటి నుంచే హిప్ డిస్ప్లాసియా (తుంటి కీలు సరిగా అమరకపోవడం) ఉండి ఉంటుంది, దాని మీద ఇప్పుడు ఆర్థరైటిస్ వచ్చింది అన్నారు. కార్ప్రోఫెన్ అనే నొప్పి మాత్రలు ఏడు రోజులకు రాశారు. రెండో రోజుకే తోక ఊపుకుంటూ ఇల్లంతా తిరిగింది. మాత్రలు అయిపోయిన వారానికి మళ్లీ మొదటికొచ్చింది. ఇంకో కోర్సు వాడదామంటే మావారు కిడ్నీలు పాడవుతాయని ఒప్పుకోవడం లేదు. "నాచురల్‌గా ఏమైనా ఉంటే చూడు" అంటున్నారు.

నాచురల్ అనగానే తలో మాటా చెప్తున్నారు. పెట్ షాపులో కీళ్లకు మంచిదని గ్లూకోజమైన్, కాండ్రాయిటిన్ పొడి డబ్బా 1,450 రూపాయలకు ఇచ్చారు. నెల వాడాను, నాకైతే ఏమీ తెలియలేదు. పక్కింటి పిన్నిగారు పసుపు పాలు పట్టమంటారు. మా అమ్మ నల్లేరు అంటుంది. మటన్ కొట్టు అతను మేక కాళ్ల పాయా తాగిస్తే గుర్రంలా పరిగెడుతుందన్నాడు. మా ఆడపడుచు అవిసె గింజల పొడి పంపింది.

తిండి సంగతి కూడా చెప్పాలి. మధ్యాహ్నం చికెన్ అన్నం, రాత్రి పెరుగన్నం. అది కాక మా మామయ్యగారు. మా అత్తయ్యగారు పోయినప్పటి నుంచి ఆయన భోజనం బంగారితోనే. తను ఒక ముద్ద, దానికి ఒక ముద్ద, ముద్ద ముద్దకీ నెయ్యి. సాయంత్రం టీతో మేరీ బిస్కెట్లు ఐదారు దానికే పోతాయి. వద్దని ఆయనకు చెప్పడం నా వల్ల కాదు.

మీలో ఎవరైనా వీటిలో ఏదైనా వాడి ఉంటే, ఎంత ఇచ్చారో, ఎన్నాళ్లకు తేడా కనబడిందో చెప్పగలరా?

స్నూపీ అక్క, హైదరాబాద్
ఆగస్టు 2

అక్కా, పసుపు పాల సంగతి నేను చెప్తాను. మా స్నూపీ పగ్, పదకొండేళ్లు. రాత్రిపూట అర గ్లాసు పాలలో పావు చెంచా పసుపు, చిటికెడు మిరియాల పొడి కలిపి ఇచ్చాను. మూడో రోజుకి విరేచనాలు పట్టుకున్నాయి. అది పసుపు వల్ల కాదు, పాల వల్ల. ఎదిగిన కుక్కల్లో చాలావాటికి పాలు అరగవని అప్పుడు తెలిసింది. తర్వాత పాలు మానేసి, పసుపును నీళ్లు, కొబ్బరి నూనె పోసి ఉడికించి, ముద్దలా చేసి తిండిలో కలిపాను. రెండు నెలలు క్రమం తప్పకుండా ఇచ్చాను. నడకలో నాకు తేడా కనబడలేదు.

పసుపులో పని చేసే పదార్థం కుర్కుమిన్. అది పసుపులో ఉండేదే కొంచెం, అందులో రక్తంలోకి చేరేది మరీ కొంచెం. బ్రిటన్‌లో 2003లో ఆర్థరైటిస్ ఉన్న కుక్కలకు పసుపు సారంతో చేసిన మందు ఇచ్చి, కాలు నేల మీద ఎంత బలంగా మోపుతున్నాయో ఒక పలక మీద నడిపించి కొలిచారు. డాక్టర్ల కంటికి కాస్త మెరుగ్గా అనిపించింది కానీ, పలక మీద కొలతలో ఉత్తుత్తి మందు ఇచ్చిన కుక్కలకూ వీటికీ తేడా రాలేదు. కూరలో వేసే పసుపు దానికి హాని చేయదు, కానీ దాని మీద ఆశ పెట్టుకుని నెలలు గడపకండి.

టామీ నాన్న, ఖమ్మం
ఆగస్టు 3

అమ్మా, ఒక్క మాట. మీరు అడగలేదు, అయినా చెప్పకుండా ఉండలేకపోతున్నాను. ఎవరేం చెప్పినా సరే, మనుషులు వేసుకునే నొప్పి బిళ్లలు మాత్రం వేయకండి.

మూడేళ్ల కింద మా టామీ కుంటుతుంటే, నేను నడుం నొప్పికి వేసుకునే డైక్లోఫెనాక్ బిళ్ల సగం విరిచి అన్నంలో పెట్టాను. రెండు రోజులు వరసగా ఇచ్చాను. మూడో రోజు పొద్దున వాంతిలో కాఫీ పొడి లాంటి నల్లటి రేణువులు కనబడ్డాయి, విరేచనం తారులా పడింది. కడుపులో పుండ్లు పడి రక్తం పోతోందని డాక్టర్ చెప్పేదాకా నాకు అర్థం కాలేదు. ఐదు రోజులు సెలైన్ పెట్టించాను. బతికింది. ఐబుప్రోఫెన్ కూడా అంతే ప్రమాదం. రాబందులను తుడిచిపెట్టిందని 2006లో పశువులకు నిషేధించింది ఈ డైక్లోఫెనాక్‌నే. అయినా మన ఇళ్లలో డబ్బాలో ఎప్పుడూ ఉంటుంది కదా, చెయ్యి దాని మీదకే పోతుంది.

శేరు ఇల్లు, విశాఖపట్నం
ఆగస్టు 3

బంగారి వాళ్లమ్మగారికి నమస్కారం. మా శేరు జర్మన్ షెపర్డ్. ఏడో ఏట మీ బంగారికి చెప్పిందే మాకూ చెప్పారు. పన్నెండున్నర ఏళ్లు బతికాడు, చివరి నెల దాకా తన కాళ్ల మీద తనే నడిచాడు. ఐదున్నరేళ్లలో ఏమేం చేశానో ఒక నోట్‌బుక్‌లో రాసుకున్నాను. అది ముందు పెట్టుకునే రాస్తున్నాను, కొంచెం పెద్దదవుతుంది, ఓపికగా చదవండి.

మీరు ఏం తినిపించాలి అని అడిగారు. నేను ముందు ఏం తగ్గించాలి అన్నది చెప్తాను. లాబ్రడార్ ఆడదానికి మామూలుగా 25 నుంచి 32 కిలోలు. మీది 38 దాటింది. అరిగిన తుంటి కీలు మీద రోజంతా ఏడెనిమిది కిలోల మూట మోయిస్తూ, పైన ఏ పొడి చల్లినా ఆ కీలు ఏం చేస్తుంది?

ఇది నా సొంత మాట కాదు. అమెరికాలో ఒక పెద్ద డాగ్ ఫుడ్ కంపెనీ 48 లాబ్రడార్ పిల్లలను జంటలుగా విడదీసి, జంటలో ఒకదానికి రెండోదాని కంటే పాతిక శాతం తక్కువ తిండి పెట్టి, అవి చనిపోయేదాకా చూసింది. 2002లో ఫలితం బయటపెట్టారు. తక్కువ తిన్నవి సగటున 13 ఏళ్లు బతికాయి, ఎక్కువ తిన్నవి 11 ఏళ్ల రెండు నెలలు. కీళ్ల నొప్పికి మందు అవసరమైన వయసు కూడా తక్కువ తిన్నవాటిలో మూడేళ్లు వెనక్కి వెళ్లింది. మూడేళ్లు అంటే కుక్క జీవితంలో ఎంతో చూడండి. ఇంకొకటి బ్రిటన్‌లోని గ్లాస్గోలో 2010లో చేశారు. బరువెక్కి కుంటుతున్న కుక్కలకు తిండి తగ్గిస్తూ పోతే, ఒంటి బరువులో ఆరు శాతం తగ్గేసరికే కుంటు తగ్గడం కనబడింది. మీ బంగారికి లెక్క వేస్తే రెండు కిలోల మూడు వందల గ్రాములు. మొత్తం ఎనిమిది కిలోలు తగ్గించాలంటే కొండలా కనబడుతుంది. ముందు ఈ రెండు కిలోల మూడు వందల మీదే దృష్టి పెట్టండి.

బరువు ఎక్కువా తక్కువా అని చేత్తోనే తెలుసుకోవచ్చు. మీ ఎడమ చెయ్యి చాచి, వేళ్ల వెనక వైపు కుడి చేత్తో తడమండి. చర్మం కింద ఎముక తెలుస్తుంది కదా, కుక్క పక్కటెముకలు అలా తగలాలి. అరచేతి వైపు తడిమితే ఎలా మెత్తగా ఉంటుందో అలా ఉంటే బరువెక్కినట్టు. పిడికిలి బిగించి గణుపుల మీద రాసినట్టు తగిలితే బక్కచిక్కినట్టు. శేరుకి మొదట్లో పక్కటెముకలు వెతుక్కోవాల్సి వచ్చింది.

ఇక మీరు అడిగిన వాటికి వస్తాను.

గ్లూకోజమైన్, కాండ్రాయిటిన్: నేనూ ఏడు నెలలు కొన్నాను. గ్లూకోజమైన్‌ను ఎక్కువగా రొయ్య, పీత పెంకుల నుంచి తీస్తారు. హాని లేదు, మా వాడికి లాభమూ కనబడలేదు. 2022లో కెనడాలోని మాంట్రియల్ యూనివర్సిటీ వాళ్లు కుక్కలు, పిల్లుల కీళ్ల నొప్పికి వాడే తిండ్లు, సప్లిమెంట్ల మీద వచ్చిన పరిశోధనలన్నీ ఒకచోట చేర్చి చూశారు. నొప్పి తగ్గించడంలో ఒమేగా 3 అనే కొవ్వుకి (చేప నూనెలో ఉండేది) గట్టి ఆధారం ఉందన్నారు. గ్లూకోజమైన్, కాండ్రాయిటిన్ పని చేయడం లేదు, ఇక సిఫారసు చేయొద్దన్నారు. అది చదివిన రోజునే నేను కొనడం మానేశాను. మీ 1,450 అయిపోయింది కాబట్టి బాధ పడకండి, రెండో డబ్బా మాత్రం కొనకండి.

నల్లేరు: మా అమ్మమ్మ చేతికి నూనె రాసుకుని కోసేది, లేకపోతే దురద. పెద్దవాళ్లు దాన్ని వాడింది విరిగిన ఎముక అతుక్కోవడానికి. బంగారికి ఎముక విరగలేదు, కీలు అరిగింది. రెండూ ఒకటి కాదు. పైగా పచ్చడి చేసి పెడితే అందులో చింతపండు, కారం, వెల్లుల్లి అన్నీ లోపలికి పోతాయి. అమ్మగారికి కోపం రాకుండా చెప్పండి.

పాయా: ఇందులో అసలు భయం ఉల్లిపాయ, వెల్లుల్లి. ఉల్లి కుక్క రక్తంలో ఎర్ర కణాలను విరగ్గొడుతుంది. ఉడికిన ఎముక ముక్కలు పేగుల్లో గుచ్చుకుంటాయి. పైన తేలే కొవ్వు వల్ల పాంక్రియాస్ (క్లోమం) వాచిపోయే ప్రమాదం ఉంది. ఏమీ వేయకుండా ఉత్త కాళ్లే ఉడికించి, ఫ్రిజ్‌లో పెట్టి, గడ్డకట్టిన కొవ్వు తీసేసి, ఆ జావ రెండు చెంచాలు తిండి మీద వేస్తే రుచికి తింటుంది. అంతకంటే దాని నుంచి ఏమీ ఆశించకండి.

అవిసె గింజలు: వీటిలో ఉండే ఒమేగా 3 వేరు, చేపలో ఉండేది వేరు. కీళ్ల వాపు మీద పని చేసేవి చేపలో ఉండే ఈపీఏ, డీహెచ్ఏ అనే రెండు రకాలు. అవిసెలో ఉన్నదాన్ని కుక్క ఒళ్లు ఈ రెండుగా మార్చుకోవాలి, ఆ మార్పు చాలా తక్కువ జరుగుతుంది. మీ ఆడపడుచు పంపింది మీరు కారప్పొడి కొట్టుకుని తినండి.

ఇప్పుడు చేప నూనె. మీరు అడిగిన వాటన్నిటిలో నా నోట్‌బుక్‌లో టిక్కు పడింది దీనికే. కానీ చాలామంది ఇచ్చే పద్ధతిలో ఇస్తే దీనికీ టిక్కు పడదు. మెడికల్ షాపులో దొరికే మామూలు చేప నూనె గుళిక డబ్బా ముందు 1000 మిల్లీగ్రాములు అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. వెనక్కి తిప్పి చదవండి. ఈపీఏ 180, డీహెచ్ఏ 120 అని ఉంటుంది. అంటే పనికొచ్చేది 300 మాత్రమే, మిగతాది ఉత్త నూనె. రోజుకొక గుళిక వేసి, నెల తర్వాత పని చేయలేదు అంటారు. మొదటి నాలుగు నెలలు నేనూ అదే చేశాను. డాక్టర్ లెక్క కట్టి చెప్పాక మోతాదు పెంచాను. రెండు నెలల చివర్లో ఒక పొద్దున వాడు నేను పిలవకుండానే గేటు దాకా వచ్చాడు. ఆ తేదీ కింద రెండు గీతలు గీసి పెట్టాను.

రెండు జాగ్రత్తలు. ఒకటి, కాడ్ లివర్ ఆయిల్ వేరు, చేప నూనె వేరు. కాడ్ లివర్ ఆయిల్ చేప కాలేయం నుంచి తీస్తారు, అందులో విటమిన్ ఏ, డీ బాగా ఉంటాయి. కీళ్లకు కావాల్సినంత ఇస్తే ఆ విటమిన్లు హద్దు దాటిపోతాయి. షాపు కుర్రాడు రెండూ ఒకటే అంటాడు, వినకండి. రెండోది, కొత్త డబ్బా తెచ్చాక ఒక గుళికను పిన్నీసుతో గుచ్చి, ఒక చుక్క వేలి మీద వేసుకుని వాసన చూడండి. తాజా నూనెకి తేలిగ్గా చేప వాసన వస్తుంది. గొంతులో పట్టేసే పాత రంగు డబ్బా వాసన వస్తే మక్కిపోయినట్టు. నేను రెండు డబ్బాలు తిరిగి ఇచ్చేశాను.

మా ఊళ్లో ఇంకో సౌకర్యం, ఫిషింగ్ హార్బర్. వారానికి మూడు రోజులు గుళికలు తగ్గించి కవళ్లు (సార్డిన్ చేపలు) పెట్టేవాణ్ని, దొరక్కపోతే కానాగంతలు (మాకెరెల్). తల, పేగులు తీసేసి, ఉప్పు లేకుండా కుక్కర్‌లో నాలుగు కూతలు రానిస్తే కవళ్ల ముల్లు వేళ్ల మధ్య పిండిలా నలిగిపోతుంది. నలగని ముల్లు ఏదైనా ఉంటే ఏరేయాలి. కానాగంతల నడిముల్లు గట్టిది, అది తప్పకుండా తీసేయాలి. రాజమండ్రిలో పొద్దున్నే మార్కెట్‌కి వెళ్తే మీకూ దొరుకుతాయి. పులస కోసం పర్సు ఖాళీ చేయక్కర్లేదు, చవక చేపలోనే దీనికి కావాల్సింది ఉంది. ఎండు చేపలు మాత్రం పెట్టకండి, ఉప్పు ఎక్కువ.

చివరగా నేల. మీరు రాసినదాంట్లో మొదట్లోనే టైల్స్ మీద జారడం ఉంది. ఈ రోజే అది పడుకునే చోటి నుంచి గుమ్మం దాకా ఏదైనా పరవండి. నేను రెండు పాత యోగా మ్యాట్‌లు నిలువునా కోసి పరిచాను. గోళ్లు కత్తిరించండి, అరికాలి మెత్తల మధ్య పెరిగిన వెంట్రుకలు కూడా. గోళ్లు నేలకు తగిలి టకటక చప్పుడు వస్తోందంటే పెరిగినట్టే. నడక ఒకేసారి గంట కాకుండా, పదేసి నిమిషాలు మూడుసార్లు.

ఇంకొకటి. రోజూ పొద్దున అదే చోట, అదే టైమ్‌కి, అది లేవడం ఫోన్‌లో వీడియో తీయండి. పిలిచిన దగ్గర్నుంచి నాలుగు కాళ్ల మీద నిలబడేదాకా ఎన్ని సెకన్లో రాసుకోండి. రోజూ చూసే కంటికి తేడా తెలియదు. సెకన్లు రాసి ఉంటే తెలుస్తుంది.

రిటైర్డ్ పశువైద్యుడు, గన్నవరం
ఆగస్టు 4

విశాఖ మిత్రులు చాలావరకు చెప్పేశారు. నేను మూడు విషయాలు కలుపుతాను.

మొదటిది మోతాదు. కీళ్ల నొప్పికి ఈపీఏ, డీహెచ్ఏ రెండూ కలిపి కిలో బరువుకు సుమారు 100 మిల్లీగ్రాములు రోజుకి. లెక్క ఉండాల్సిన బరువుకి కట్టాలి, ఇప్పుడున్న బరువుకి కాదు. బంగారికి 30 కిలోలు అనుకుంటే 3000 మిల్లీగ్రాములు, అంటే 300 ఉన్న గుళికలు పది. గాఢంగా ఉండేవి కొంటే సంఖ్య తగ్గుతుంది. ఒక్కసారిగా పది మొదలుపెడితే విరేచనాలు ఖాయం. మొదటి వారం రెండు, రెండో వారం ఐదు, అలా నెల మీద పూర్తి మోతాదుకి రావాలి. తిండితోనే ఇవ్వాలి. నూనె కాబట్టి పది గుళికలకు తొంభై కేలరీలు. మామయ్యగారి నెయ్యి రెండు చెంచాలతో సమానం. నెయ్యి తీసి ఆ స్థానంలో చేప నూనె పెట్టండి, అదనంగా కాదు. ఎప్పుడైనా ఆపరేషన్ అవసరమైతే ముందే డాక్టర్‌కు చెప్పాలి, రక్తం గడ్డకట్టడం కొంచెం నెమ్మదిస్తుంది. మీ డాక్టర్ గారికి చూపించి మొదలుపెట్టండి.

రెండోది కార్ప్రోఫెన్. ఈ మాట కాస్త గట్టిగానే చెప్తాను, ఏమీ అనుకోకండి. రెండో రోజుకే అది తోక ఊపుకుంటూ తిరిగిందని మీరే రాశారు. అంటే అప్పటిదాకా ఎంత నొప్పి భరించిందో అది మీకు చూపించింది. నొప్పి ఉంటే నడవదు, నడవకపోతే తొడ కండ కరుగుతుంది, కండ పోతే కీలుకు ఆసరా పోతుంది, నొప్పి ఇంకా పెరుగుతుంది. కిడ్నీల భయం న్యాయమైనదే. దానికి మార్గం మందు మానడం కాదు, రక్త పరీక్ష. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, లివర్ ఎంజైములు ముందు ఒకసారి చూసి, వాడుతూ మళ్లీ చూస్తూ, ఎంత తక్కువతో సుఖంగా ఉంటుందో అంతకు దించుతాం. అమెరికాలో 2010లో చేసిన పరిశోధనలో చేప నూనె కలిసిన తిండి తిన్న కుక్కలకు కార్ప్రోఫెన్ మోతాదును మిగతావాటి కంటే ఎక్కువ తగ్గించగలిగారు. అంటే మీవారు కోరుకున్నది దొరుకుతుంది. కానీ మందు, నూనె రెండూ కొంతకాలం పక్కపక్కనే నడవాలి. మందు వాడుతుండగా వాంతి, నల్ల విరేచనం, తిండి మానేయడం, వీటిలో ఏది కనబడినా మాత్ర ఆపి ఫోన్ చేయాలి. స్టెరాయిడ్‌తో కలిపి మాత్రం ఎప్పుడూ వాడకూడదు.

మూడోది మిగతా పాఠకులకు. బంగారికి ఎక్స్‌రే అయింది కాబట్టి సరే. మీ కుక్క హఠాత్తుగా కుంటితే, ఇవాళ ఈ కాలు రేపు ఆ కాలు అన్నట్టుంటే, జ్వరం ఉంటే, అది వయసు వల్ల వచ్చిన అరుగుదల అనుకోవద్దు. మన ప్రాంతంలో పిడుదు జ్వరం కీళ్లను పట్టేస్తుంది. రక్తంలో ప్లేట్‌లెట్లు చూడాలి. దానికి సరైన యాంటీబయాటిక్ కోర్సు పడితే నయమవుతుంది. ఇంట్లో పసుపు, నూనె పెట్టుకుంటూ కూర్చున్న ఆ రెండు మూడు వారాలే ప్రాణం మీదకు తెస్తాయి. అలాంటివి నా సర్వీసులో చాలా చూశాను.

బంగారి వాళ్లమ్మ, రాజమండ్రి
ఆగస్టు 4

అందరికీ ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. డాక్టర్ గారూ, మీరు రాసింది మావారికి చదివి వినిపించాను. రేపు రక్త పరీక్షకు తీసుకెళ్తున్నాం. పరుపులు అమ్మే కొట్టులో అడిగితే రబ్బరు పట్టాలు ఇచ్చారు, హాల్లో పరిచాం.

మామయ్యగారి దగ్గరే ఆగిపోయాను. ఆయనకు డెబ్బై ఆరు. అత్తయ్యగారు ఉన్నప్పుడు ఆవిడకి కలిపి పెట్టినట్టే ఇప్పుడు దానికి కలిపి పెడతారు. ఆ ముద్ద నేను ఎలా ఆపను?

మూడు కుక్కల ఇల్లు, అనంతపురం
ఆగస్టు 5

ఆపొద్దమ్మా. ఆయన చేతి ముద్ద ఆయన చేతే పెట్టించు. కాకపోతే గిన్నె నువ్వు సర్దు.

మా నాన్నగారితో నేను చేసింది చెప్తాను. పొద్దున్నే కుక్క రోజంతా తినాల్సింది కొలిచి, అందులోంచే ఒక చిన్న గిన్నెలోకి తీసి ఆయన పళ్లెం పక్కన పెట్టేదాన్ని. చర్మం తీసిన చికెన్, ఉడికించిన సొరకాయ, బీన్స్, కొంచెం అన్నం. ఆయన తినేటప్పుడు ఆ గిన్నెలోది ముద్దలు చేసి పెట్టేవారు. కుక్కకి కావాల్సింది ఆయన చెయ్యి, నెయ్యి కాదు. టీ టైమ్‌కి బిస్కెట్ల బదులు కీరదోస ముక్కలు. ఒక్కో మేరీ బిస్కెట్‌కి పాతిక కేలరీల దాకా ఉంటుంది, ఆరు అంటే నూట యాభై. కీరదోస మొత్తం తిన్నా అందులో పదో వంతు, మహా అయితే ఐదో వంతు.

అన్నం ఒక్కసారిగా సగానికి కోయకు, ఆకలికి చెత్తబుట్ట వెతుకుతుంది. కూరగాయ పెంచుతూ అన్నం తగ్గించు. ఇంకో మాట, దాన్ని కాటా ఎక్కించే పని మామయ్యగారికి అప్పగించు. బియ్యం కొట్టులో బస్తాలు తూచే కాటా ఉంటుంది కదా, ఆదివారం ఆదివారం అక్కడికి నడిపించుకు వెళ్లమను. అంకె ఆయన చేత్తో ఆయనే రాసుకోవాలి. నువ్వు వద్దు అంటే ఆయన మనసు కష్టపడుతుంది. కాటా మీద అంకె కదిలితే ఆయనే ఆపేస్తారు.

బంగారి వాళ్లమ్మ, రాజమండ్రి
అక్టోబర్ 12

పది వారాలైంది, చెప్పిన మాట ప్రకారం వచ్చి రాస్తున్నాను.

రక్త పరీక్షలో కిడ్నీ, లివర్ రెండూ బాగున్నాయి. మా డాక్టర్ కార్ప్రోఫెన్ మళ్లీ మొదలుపెట్టి, చేప నూనె పూర్తి మోతాదుకు వచ్చిన నెల తర్వాత తగ్గించారు. ఇప్పుడు మొదట్లో ఇచ్చినదాంట్లో సగమే నడుస్తోంది. ఆ సగంతోనే బాగుంది. వచ్చే నెల మళ్లీ రక్తం చూస్తామన్నారు.

చేప నూనె గాఢంగా ఉండే రకం దొరికింది, రోజుకి ఐదు గుళికలు సరిపోతున్నాయి. రెండో వారం విరేచనాలు అయితే మూడు రోజులు తగ్గించి మళ్లీ పెంచాను. విశాఖ అన్నా, పిన్నీసు పరీక్ష చేశాను, మొదట కొన్న డబ్బా నిజంగానే రంగు డబ్బా వాసన వచ్చింది, మార్చుకున్నాను.

అనంతపురం అక్కా, మీరు చెప్పింది చెప్పినట్టే చేశాను. మామయ్యగారు మొదటి రెండు రోజులు ఆ గిన్నె వంక చూసి, "నెయ్యి లేకుండా ఇది తింటుందా?" అన్నారు. బంగారి ఆయన వేళ్లు కూడా నాకి తినేసింది. మూడో రోజు నుంచి ఆ మాట లేదు. ఇప్పుడు కీరదోస ఆయనే కోస్తారు, చక్రాల్లా, గింజలు తీసి మరీ. కొట్టులో కాటా అంకెలు పాత క్యాలెండర్ వెనక రాస్తున్నారు. 38.4, 38.2, 38.2, 37.7... అలా నిన్న పొద్దున 36.0. ఒక వారం పెళ్లికి వెళ్లొచ్చేసరికి 300 గ్రాములు పెరిగితే, ఆ అంకె పక్కన "పెళ్లి" అని రాసుకున్నారు.

సెకన్ల సంగతి. ఆగస్టు 4న పద్నాలుగు సెకన్లు, రెండుసార్లు జారింది. పట్టాలు పరిచిన మర్నాడే పదకొండుకి వచ్చింది, ఇంకా నూనె మొదలే కాలేదు. సెప్టెంబర్ మధ్యలో ఎనిమిది. పోయిన వారమంతా ఐదు, ఆరు. మావారు ఆ రెండు వీడియోలు పక్కపక్కన పెట్టి చూసి, ఏమీ మాట్లాడకుండా గుళికల డబ్బా ఇంకోటి తెచ్చారు.

మెట్లు డాక్టర్ వద్దన్నారు కాబట్టి రోజుకి రెండుసార్లకు మించి ఎక్కనివ్వడం లేదు. ఎక్కేటప్పుడు పొట్ట కింద తువ్వాలు వేసి పట్టుకుంటున్నాను. మొన్న మొదటి మెట్టు దగ్గర తువ్వాలు సర్దుతున్నాను, అది ఆగలేదు. నేను తువ్వాలు పట్టుకుని వెనక పరిగెత్తాల్సి వచ్చింది. ఆరో మెట్టు మీద ఆగి, వెనక్కి తిరిగి నా కోసం చూసింది.

చలికాలం వస్తోంది కదా డాక్టర్ గారూ, పొద్దున నడక ఆరింటి నుంచి ఏడింటికి మార్చమంటారా?

రిటైర్డ్ పశువైద్యుడు, గన్నవరం
అక్టోబర్ 12

మార్చండి. ఎండ పడ్డాకే బయటికి తీసుకెళ్లండి. లేవగానే ఐదు నిమిషాలు తొడలు రుద్ది, ఆ తర్వాత నడిపించండి. పడుకునే చోట గోనె సంచి మీద మందంగా దుప్పటి మడత వేయండి, టైల్ చల్లదనం తగలకూడదు. 34 కిలోలకి వచ్చాక తిండి కొలత మళ్లీ మాట్లాడుకుందాం. మామయ్యగారిని క్యాలెండర్ రాయడం ఆపొద్దనండి.